కాటా చీటీ చేతిలో ఉండగా మళ్లీ కాటా ఎక్కించడం ఎందుకు? జీడి లెక్కలకు గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ సమీక్ష

పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొనే చిన్న కొట్టు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కొనకుండానే గూగుల్ షీట్స్‌తో చాలావరకు నెట్టుకురావచ్చు. తేదీ, రైతు పేరు, ఊరు, బస్తాలు, విడి కిలోలు, బస్తా ధర, మొత్తం. ఈ ఏడు కాలమ్‌లు చాలు. ఆ షీటు వెనక నడిచే చిన్న ప్రోగ్రాములు రాసుకోవడానికి గూగుల్ ఇచ్చేదే యాప్స్ స్క్రిప్ట్. దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసే గొడవా లేదు. షీటులో ఎక్స్‌టెన్షన్స్ మెనూ తెరిస్తే అక్కడే ఉంటుంది. రాసే భాష జావాస్క్రిప్ట్. నడిచేది గూగుల్ సర్వర్ మీద కాబట్టి కొట్టులో కంప్యూటర్ పాతదైనా ఇబ్బంది లేదు.

మార్కులు ముందే చెప్పేస్తే, ఐదుకు నాలుగు. దీని మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు "చాలా నెమ్మది, ఐదొందల వరసలకే ముక్కుతోంది" అని. ఆ ఫిర్యాదులో ముప్పాతిక వంతు రాసేవాళ్ల పద్ధతి వల్ల వచ్చేదే. ఏ విలువను ఒకసారి తెచ్చి, పేరు పెట్టి ఉంచే చోటైన వేరియబుల్‌లో దాచుకోవాలి, దేన్ని ప్రతిసారీ ఫంక్షన్ (ఒక పని చేసి ఫలితం తిరిగిచ్చే కోడ్ ముక్క) పిలిచే అడగాలి అన్నది తెలియకపోతే ఈ సాధనం విసిగిస్తుంది. తెలిస్తే మాత్రం నిమిషాల్లో జరిగే పని సెకన్లలో అయిపోతుంది.

ఆ తేడా పలాసలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఫంక్షన్ పిలవడమంటే లారీని కాటా ఎక్కించడం. వేరియబుల్ అంటే కాటా చీటీ. సరుకు మారనంతసేపూ చీటీ చూసి లెక్క కట్టుకోవచ్చు, బేరం మధ్యలో ప్రతి మాటకీ లారీని వెనక్కి తిప్పి కాటా మీదకి తీసుకెళ్లక్కర్లేదు. దారిలో నాలుగు బస్తాలు దించారంటే మాత్రం ఆ చీటీ చెల్లదు. ఈ సమీక్షలో తగిలే తప్పుల్లో చాలావాటికి మూలం ఈ రెంటిలో ఒకటి: అనవసరంగా కాటా ఎక్కించడం, లేదా చెల్లని చీటీ పట్టుకుని డబ్బు లెక్కపెట్టడం.

నెమ్మది ఎక్కడ పుడుతుంది

కొత్తగా రాసేవాళ్ల కోడ్ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఒక లూప్ (అదే పనిని వరస వరసకూ మళ్లీ చేయించే కోడ్) పెట్టి, ఒక్కో వరసకూ గెట్‌వాల్యూతో బస్తాలు చదివి, మళ్లీ గెట్‌వాల్యూతో విడి కిలోలు, మరోసారి గెట్‌వాల్యూతో ధర చదివి, సెట్‌వాల్యూతో మొత్తం రాస్తారు. లూప్ ఆగాల్సిన చోటు తెలియడానికి షరతులోనే గెట్‌లాస్ట్‌రో పెడతారు. 500 వరసలుంటే చదవడానికి 1,500 పిలుపులు, రాయడానికి 500, చివరి వరస ఏదో అడగడానికి ఇంకో 500. మొత్తం 2,500. ఇవి మామూలు జావాస్క్రిప్ట్ పిలుపులు కావు. ఒక్కోటీ స్క్రిప్ట్ నుంచి షీట్స్ సర్వీసు దాకా వెళ్లి రావాలి. కూడికలు, గుణకారాలకు పట్టే సమయం దీని ముందు లెక్కలోకే రాదు.

వరసగా చదివితే ముందుచూపుతో కొంత తెచ్చిపెట్టుకోవడం, వరసగా రాస్తే కొంత పోగుచేసి ఒకేసారి పంపడం గూగుల్ లోపల్లోపల చేస్తూనే ఉంటుంది. కానీ ఒక గడి చదివి, ఒక గడి రాసి, మళ్లీ చదివి, మళ్లీ రాస్తే ఆ సౌకర్యం మట్టిలో కలుస్తుంది. గూగుల్ సొంత సహాయ పేజీలోనే దీనికో ఉదాహరణ ఉంది. 100 వరసలు, 100 కాలమ్‌ల గళ్లకు ఒక్కొక్కటిగా రంగు వేస్తే సుమారు 70 సెకన్లు పట్టింది. రంగులన్నీ ఒక అర్రేలో (విలువలను వరసగా పేర్చి ఉంచే జాబితా) పోగుచేసి ఒకేసారి రాస్తే 1 సెకను.

నెమ్మది కంటే పెద్ద ముప్పు ఇంకోటి ఉంది. ఒక్కసారి మొదలైన స్క్రిప్ట్ 6 నిమిషాలు దాటితే గూగుల్ ఆపేస్తుంది. అప్పటికి 310వ వరస దాకా కొత్త మొత్తాలు, అక్కణ్నుంచి పాత మొత్తాలు మిగిలిపోతాయి. కింద కూడిక మాత్రం ఏమీ ఎరగనట్టు ఒక అంకె చూపిస్తుంది. నెమ్మదైతే విసుగుతో పోతుంది, ఇదైతే రైతు డబ్బు తప్పుతుంది.

సరైన పద్ధతి: గెట్‌లాస్ట్‌రోను ఒక్కసారి పిలిచి ఫలితం దాచుకోండి. గెట్‌రేంజ్‌తో పట్టికంతా ఎంచుకుని గెట్‌వాల్యూస్‌తో (చివర 'స్' ఉంది, గమనించండి) ఒకే దెబ్బకు వేరియబుల్‌లోకి తెచ్చుకోండి. లెక్కలన్నీ ఆ అర్రే మీదే చేసి, ఫలితాలను ఇంకో అర్రేలో పోగుచేసి, ఒక్క సెట్‌వాల్యూస్‌తో రాసేయండి. 2,500 పిలుపులు మూడో నాలుగో అవుతాయి.

ఇక్కడ దాదాపు అందరూ తడబడే చోట్లు మూడున్నాయి. గెట్‌రేంజ్‌కు ఇచ్చే మూడో అంకె "ఎన్నో వరస దాకా" కాదు, "ఎన్ని వరసలు". మొదటి వరసలో శీర్షికలుంటాయి కాబట్టి రెండో వరస నుంచి మొదలుపెడతాం. అప్పుడు చివరి వరస సంఖ్యను ఉన్నదున్నట్టు ఇస్తే అడుగున ఒక ఖాళీ వరస అదనంగా వస్తుంది. అందులోంచి ఒకటి తీసేయాలి. అలా తీసేస్తే సీజన్ మొదటి రోజు, అంటే శీర్షికలు తప్ప ఏమీ లేని షీటులో, సున్నా వరసలు అడిగినట్టవుతుంది. కనీసం ఒక వరస ఉండాలని ఎర్రర్ వస్తుంది. ముందే చూసుకుని వెనక్కి తిరిగిపోయే షరతు ఒకటి పెట్టాలి. రెండోది లెక్క మొదలయ్యే చోటు. షీటు 1 నుంచి లెక్కపెడితే అర్రే 0 నుంచి లెక్కపెడుతుంది, కాబట్టి షీటులో రెండో వరస అర్రేలో సున్నా. మూడోది సెట్‌వాల్యూస్ పట్టుదల. ఇచ్చే అర్రే కొలతా, ఎంచుకున్న గళ్ల కొలతా అచ్చంగా ఒకటే అయ్యుండాలి. ఒక్క కాలమ్ రాసేటప్పుడు కూడా ప్రతి విలువనూ దాని సొంత చదరపు బ్రాకెట్లో పెట్టాలి.

చీటీ ఎప్పుడు చెల్లదు

పై పద్ధతి అలవాటయ్యాక జనం రెండో వైపుకు ఒరిగిపోతారు, కనిపించిన ప్రతిదీ దాచేస్తారు. దాని దెబ్బ అసలు దెబ్బ. ఎందుకంటే నెమ్మది కంటికి కనిపిస్తుంది, పాతబడిన విలువ కనిపించదు.

చిన్న ఉదాహరణ చివరి వరసే. గెట్‌లాస్ట్‌రో ఫలితాన్ని దాచుకుని, ఆ తర్వాత అపెండ్‌రోతో కొత్త లోడు చేర్చి, పాత సంఖ్యతోనే "ఇప్పుడు చేరిన వరస"కు రంగు వేస్తే రంగు పై వరసకు పడుతుంది. వరసలు తొలగించేటప్పుడూ అంతే. పైనుంచి కిందికి వెళ్తూ డిలీట్‌రో పిలిస్తే, తీసేసిన ప్రతిసారీ కింది వరసలు ఒక మెట్టు పైకి జరుగుతాయి. పక్కపక్కన ఉన్న రెండు రద్దు ఎంట్రీల్లో రెండోది తప్పించుకుంటుంది. అడుగు నుంచి పైకి రండి, అప్పుడు దాచిన సంఖ్యతోనే నిక్షేపంగా పనవుతుంది.

పెద్ద ఉదాహరణ బిల్లు నంబరు. ఒకే షీటులో గోడౌన్ దగ్గర ఒకరు, కొట్టులో ఒకరు ఒకేసారి బిల్లు కొడతారు. ఇద్దరి స్క్రిప్టులూ చివరి బిల్లు 412 అని చదివి వేరియబుల్‌లో పెట్టుకుంటాయి. ఇద్దరికీ 413 వస్తుంది. దీనికి లాక్‌సర్వీస్ ఉంది: డాక్యుమెంట్ లాక్ తీసుకుని వెయిట్‌లాక్‌కు 10000 ఇస్తే 10 సెకన్ల దాకా తన వంతు కోసం ఆగుతుంది (లెక్క మిల్లీసెకన్లలో). ఇంతవరకు చాలామందికి తెలుసు. అయినా నంబర్లు రెండేసి పడుతున్నాయంటే కారణం సాధారణంగా ఒకటే. చివరి బిల్లు నంబరు చదివే లైను లాక్ తీసుకునే లైనుకు పైన ఉంటుంది. తలుపు బయటే చీటీ రాయించుకుని, లోపలికెళ్లి గడియ పెట్టుకున్నట్టన్నమాట. చదవడం, ఒకటి కలపడం, రాయడం మూడూ లాక్ లోపలే జరగాలి. లాక్ వదిలే ముందు ఫ్లష్ (ఆగి ఉన్న రాతలన్నీ వెంటనే షీటుకు పంపేది) పిలవాలి. లేకపోతే రాసిన నంబరు ఇంకా షీటుకు చేరకుండానే రెండో మనిషికి తలుపు తెరిచినట్టవుతుంది.

సమయం సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. దాచి తీరాల్సిన విలువ ఇది. రాత్రి 11:59కి మొదలైన రోజు ముగింపు లెక్కలో, వరస వరసకూ కొత్తగా తేదీ అడిగితే సగం ఎంట్రీలు ఈరోజువి, సగం రేపటివి అవుతాయి. ఇప్పుడెంతైందో మొదట్లోనే ఒకసారి అడిగి దాచుకుని అంతటా అదే వాడాలి. తేదీ ఒక రోజు వెనక్కి పడుతుంటే మాత్రం నేరం వేరియబుల్‌ది కాదు. షీటుకొక టైమ్ జోన్, స్క్రిప్టుకొక టైమ్ జోన్ వేర్వేరుగా ఉంటాయి. రెండింటినీ భారత కాలానికి పెట్టండి.

గుండ్రం చేసి దాచకండి

డబ్బు దగ్గర ఇంకో రకం చెల్లని చీటీ ఉంది. పలాసలో పిక్కల బేరం 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. లెక్క కోసం బస్తా 14,250 రూపాయలనుకుందాం. కిలోకు 178 రూపాయల 12.5 పైసలు. "కిలో ధర" అని ఒక వేరియబుల్ పెట్టడం మంచి పనే, కోడ్ చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ దాన్ని మ్యాథ్ రౌండ్‌తో 178 చేసి దాచి, 43 బస్తాల 25 కిలోల లోడుకు, అంటే 3,465 కిలోలకు గుణిస్తే 6,16,770 వస్తుంది. అసలు రావాల్సింది 6,17,203 రూపాయల 12.5 పైసలు. ఒక్క లోడుకు 433 రూపాయలు రైతు ఖాతాలోంచి జారిపోయాయి. మధ్య విలువను ఉన్నదున్నట్టు దాచండి, గుండ్రం చేయడం చివరి మొత్తం దగ్గర ఒక్కసారే. దశాంశాల పోగు మీదా నమ్మకం లేకపోతే ముందు కిలోలను బస్తా ధరతో గుణించి, ఆఖర్న 80తో భాగించండి.

గ్రేడుల రేట్లకు మాత్రం దాచిపెట్టడమే సరైన దారి. డబ్ల్యూ 180, 210, 240, 320, ఆపైన బద్దలు, ముక్కలు అంటూ (ఆ అంకె ఒక పౌండు బరువుకు ఎన్ని గుండు పప్పులు తూగుతాయన్నది) రేట్ల షీటులో ఉండేది గుప్పెడు వరసలే. స్క్రిప్ట్ మొదట్లో ఒకసారి చదివి, గ్రేడు పేరు మీద రేటు దొరికేలా ఒక ఆబ్జెక్ట్ కట్టుకుంటే, ప్రతి అమ్మకం వరసకూ రేట్ల షీటంతా వెతికే పని తప్పుతుంది. పేరు చివర ఖాళీ స్పేస్ ఉంటే రేటు దొరకదు. దాచేటప్పుడూ, వెతికేటప్పుడూ రెండుచోట్లా ఆ స్పేస్‌లు తీసేసే ట్రిమ్ పిలవండి.

దాచినంత మాత్రాన నకలు కాదు

గెట్‌వాల్యూస్‌తో తెచ్చిన అర్రేను "పాతది" అని ఇంకో వేరియబుల్‌లో పెట్టుకుని, మొదటిదాన్ని సార్ట్ చేసి, రెండింటినీ పోల్చి ఏం మారిందో చూద్దామనుకుంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి. జావాస్క్రిప్ట్‌లో అర్రేకు రెండో పేరు పెడితే రెండో పట్టిక పుట్టదు, ఒకే పట్టికకు రెండు పేర్లవుతాయి. సార్ట్ కొత్త పట్టిక ఇవ్వదు, ఉన్న పట్టికలోనే వరసలు మార్చేస్తుంది. స్లైస్‌తో నకలు తీసినా పైపొర మాత్రమే కొత్తది, లోపలి వరసలు అవే. గళ్లలో విలువలు మార్చబోతుంటే మ్యాప్ పెట్టి ఒక్కో వరసకూ విడిగా స్లైస్ చేయాలి.

బ్రాకెట్లు మరిచిపోవడం ఇంకో సరదా. ఫంక్షన్ పేరు రాసి గుండ్రటి బ్రాకెట్లు పెట్టకుండా వేరియబుల్‌లో వేస్తే, చీటీ బదులు కాటా మనిషినే జేబులో వేసుకున్నట్టు. ఎర్రర్ అక్కడ రాదు, ఎక్కడో పది లైన్ల కింద వస్తుంది.

ఒక పరుగు నుంచి ఇంకో పరుగుకు

పైన, ఏ ఫంక్షన్‌లోనూ కాకుండా ప్రకటించిన వేరియబుల్ విలువ తర్వాతి సారి నడిపినప్పుడు మిగిలి ఉంటుందనుకోవడం పొరపాటు. ప్రతి పరుగుకూ అంతా మొదటినుంచే. పైగా అక్కడ ఓపెన్‌బైఐడీతో వేరే షీటు తెరిచే లైను పెడితే ఆన్‌ఎడిట్ (షీటులో ఏదైనా మార్చగానే తనంతట తానే నడిచే ఫంక్షన్) కూడా చచ్చుబడుతుంది. అలా తనంతట తానే నడిచే సాదా ట్రిగర్‌కు అనుమతి కావాల్సిన పనులు చేసే అధికారం లేదు, పై లైన్లు మాత్రం ప్రతి పరుగులోనూ నడుస్తాయి. ఆ లైనును అవసరమైన ఫంక్షన్ లోపలికి తోసేయండి.

నిజంగా నిలవ ఉండాల్సిన దానికి ప్రాపర్టీస్‌సర్వీస్ ఉంది, ఒక్కో విలువకు 9 కిలోబైట్ల దాకా. కాసేపు ఉంటే చాలనుకున్నదానికి క్యాష్‌సర్వీస్. చెప్పకపోతే 10 నిమిషాలు, గరిష్ఠంగా 6 గంటలు దాస్తుంది. గడువు లోపే ఖాళీ అయినా కావచ్చు కాబట్టి, లేకపోతే షీటు నుంచి చదివే దారి ఎప్పుడూ ఉంచాలి. రెండూ దాచేది అక్షరాలనే, అంకెలను కాదు. 14000 దాచి తీసి 250 కలిపితే 14250 రాదు, 14000250 వస్తుంది. తీయగానే నంబర్‌గా మార్చుకోండి. ఉదయం మారిన ధర మధ్యాహ్నం దాకా పాతదే పడుతోందని ఎవరైనా అంటే, మొదట చూడాల్సింది ఈ క్యాష్‌సర్వీస్ గడువే.

ఫార్ములాల్లోనూ ఇదే తగువు

సొంత ఫంక్షన్ రాసి గడిలో ఫార్ములాలా వాడుకోవచ్చు. దానికి గడువు 30 సెకన్లే. ఇక్కడ షీట్స్ తనంతట తనే చీటీ రాసుకుంటుంది. అవే విలువలు ఇచ్చినంతకాలం ఫంక్షన్‌ను మళ్లీ నడపకుండా పాత ఫలితాన్నే చూపిస్తుంది. మీ ఫంక్షన్ లోపల్నుంచి రేట్ల షీటు చదువుతుంటే, రేటు మార్చినా గడిలో మొత్తం మారదు. రేటు ఉన్న గడిని కూడా ఫంక్షన్‌కు ఇన్‌పుట్‌గా ఇవ్వండి, వెంటనే మారుతుంది. 500 గళ్లలో 500 సార్లు ఆ ఫంక్షన్ పెట్టే బదులు కాలమ్ మొత్తాన్ని ఒకేసారి ఇచ్చి, ఫలితాల కాలమ్‌ను ఒకేసారి తిరిగిచ్చేలా రాయడం మేలు. నౌ, ర్యాండ్ లాంటి క్షణక్షణం మారే ఫంక్షన్లను సొంత ఫంక్షన్‌కు ఇన్‌పుట్‌గా ఇవ్వనివ్వదు.

స్క్రిప్ట్ జోలికే వెళ్లనివాళ్లకు లెట్ అనే ఫార్ములా ఉంది. వెతికి తెచ్చిన ధర సున్నా అయితే "ధర లేదు" అని, కాకపోతే ఆ ధరతో గుణించమని రాయాలంటే వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్‌ను రెండుసార్లు రాయాలి. లెట్ పెడితే ఒకసారి వెతికి పేరు పెట్టి రెండుచోట్లా వాడొచ్చు. ఆ ఫైలును డౌన్‌లోడ్ చేసి ఆడిటర్‌కు పంపేవాళ్లు ఒకటి చూసుకోవాలి. లెట్ ఎక్సెల్ 2021లోనూ, 365లోనూ పనిచేస్తుంది, 2016, 2019ల్లో లేదు.

ప్రతిదానికీ చీటీ అక్కర్లేదు

ఒక్కసారే వాడే, చవకైన పిలుపులకు వేరియబుల్ పెట్టడం దండగ. అర్రే పొడవు, ట్రిమ్, మ్యాథ్ రౌండ్ వంటివి షీటు దాకా వెళ్లవు, పదిసార్లు పిలిచినా తేడా తెలియదు. ఆరు నెలల తర్వాత అర్థం కావాలన్న ఉద్దేశంతో పేరు పెడితే అది వేరే సంగతి. మూడు ఫంక్షన్లు ఒకదానిలో ఒకటి దూరిన లైనులో తప్పు వెతకడం కంటే, మధ్యలో "నికర కిలోలు" అని ఒక వేరియబుల్ పెట్టి అక్కడ ఆపి చూడడం సులువు. మారకూడని వాటికి కాన్‌స్ట్ వాడండి, పొరపాటున మార్చబోతే యాప్స్ స్క్రిప్టే అడ్డుపడుతుంది.

వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. "బస్తాధర" అని రాస్తే జావాస్క్రిప్ట్ ఏ గొడవా లేకుండా ఒప్పుకుంటుంది. గూగుల్ సొంత ఫంక్షన్ల పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. "రేట్" లాగా పొల్లుతో ముగిసే పేర్లు పెట్టకండి. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుస్తాయి. చూడ్డానికి రెండూ ఒకటే పేరు, స్క్రిప్టుకు మాత్రం రెండు వేర్వేరు పేర్లు, దాంతో అలాంటి పేరే లేదని ఎర్రర్.

తీసేసిన ఒక్క మార్కు దేనికంటే, ఫోన్‌కు. షీట్స్ మొబైల్ యాప్‌లో స్క్రిప్ట్ పెట్టిన సొంత మెనూ కనిపించదు. తోటల దగ్గర, మందసలోనో వజ్రపుకొత్తూరులోనో ఫోన్ పట్టుకుని లోడు లెక్క షీటులో ఎక్కించేవాళ్లకు ఇది పెద్ద లోటు. దీనికి దారి ఉంది: ఒక గడిలో చెక్‌బాక్స్ పెట్టి, టిక్ కొట్టగానే నడిచేలా ఎడిట్ ట్రిగర్ కట్టండి. ఆన్‌ఎడిట్ పేరుతో ఉండే సాదా ట్రిగర్ కాకుండా ట్రిగర్ల పేజీలోంచి విడిగా పెట్టే ట్రిగర్ అయితే 30 సెకన్ల గడువు, అనుమతుల అడ్డంకి రెండూ ఉండవు. పని పూర్తయ్యాక టిక్ తీసేసే లైను మరవకండి. ఉచిత ఖాతాలో ట్రిగర్లన్నీ కలిపి రోజుకు 90 నిమిషాలు నడవొచ్చు, ఈమెయిల్ రోజుకు 100 మందికి పంపొచ్చు. గడి చదివి గడి రాసే పద్ధతిలో ఆ 90 నిమిషాలు సీజన్ రోజున మధ్యాహ్నానికే అయిపోతాయి.